పాత రేడియోలు - ఇంటిపట్టున ఒక వృత్తి

విద్యార్థి సంఘం వారు ఈ సావనీరుకి ఏదైనా రాయమని అడిగినప్పుడు మొదట తప్పించుకోచూశాను. కవిత్వం నాకు చేతకాదు, రాజకీయాలు అంతంతమాత్రం. "మీరు చేసే పని గురించే రాయండి సార్. ఇంట్లో కూచుని పాత రేడియోలు బాగుచేసుకుంటూ బతకొచ్చా అని మా హాస్టల్లో కొందరికి సందేహం" అన్నాడు వచ్చిన అబ్బాయి. ఆ సందేహం నాకూ చాలాకాలం ఉండేది. అంచేత ఈ నాలుగు మాటలు.

నేను ఈ కళాశాలలోనే 1984లో ఫిజిక్స్ ఎం.ఎస్సీ. పూర్తిచేశాను. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకు పైగా ఒక కర్మాగారంలో టెస్టింగ్ విభాగంలో పనిచేసి, 2016లో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. ఉద్యోగం చేస్తున్నన్నాళ్ళూ నాకున్న వ్యసనం ఒకటే. ఆదివారం ఎర్రగడ్డ సంతకో, గురువారం సెలవు దొరికితే జుమ్మేరాత్ బజారుకో వెళ్ళి, పాడైపోయిన రేడియో ఒకటి చంకన పెట్టుకుని రావడం. మా ఇంటావిడ దానికి "ఇంకో చుట్టం వచ్చాడు" అని పేరు పెట్టింది. ఆ చుట్టాలు అటకలన్నీ నిండి మంచం కింద కూడా చేరాక, స్నేహితులు తమ ఇళ్ళలోని సెట్లు తెచ్చి ఇవ్వడం మొదలెట్టారు. ఉద్యోగం మానిన రోజున ఇదే వృత్తి ఎందుకు కాకూడదు అనిపించింది. పని వచ్చు, సామాను ఉంది, తీరిక ఉంది. ఇంకేం కావాలి?

ఇంకా చాలా కావాలని మొదటి నెలలోనే తెలిసివచ్చింది.

ఒక తప్పు, ఒక కాగితం

రిటైరైన హెడ్ క్లర్కు ఒకాయన, ఎనభై ఏళ్ళ పెద్దమనిషి, ఆటోలో ఒక చెక్క క్యాబినెట్ వాల్వు రేడియో తెచ్చారు. వాళ్ళ నాన్నగారు కొన్నది. రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టే రోజులవి. ఆ లైసెన్సు పుస్తకం కూడా స్టాంపులతో సహా వెనక అట్టకి దారంతో కట్టి ఉంది. పాతికేళ్ళుగా ఎవరూ వేయలేదట. "ముందు కరెంటు వస్తుందో లేదో చూద్దాం సార్" అని, ఆయన ఎదుటే ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాను. నా సొంత సెట్లతో ఎన్నోసార్లు అలాగే చేశాను, ఏమీ కాలేదు. ఈసారి అయింది. డయల్ దీపం వెలిగింది, ఒక నిమిషం హూంకారం వినిపించింది, ఆ తర్వాత మాడు వాసన, పొగ. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది.

నాకు నోట మాట రాలేదు. తప్పు నాదేనని చెప్పాను, ట్రాన్స్‌ఫార్మర్ తిరిగి చుట్టించి నా ఖర్చుతో బాగుచేసి ఇస్తానన్నాను. ఆయన కోప్పడలేదు. కాసేపాగి, "సరే నాయనా, రేడియో మీ దగ్గరుంటుంది. మరి నా చేతిలో ఏముంటుంది? ఏదీ కాగితం?" అన్నారు. నా దగ్గర రసీదు పుస్తకం లేదు. తెల్ల కాగితం అడిగి తీసుకుని, ఆఫీసు దస్తూరీలో ఆయనే రాశారు: చెక్క రేడియో ఒకటి, వెనక అట్ట ఉన్నది, ఎడమవైపు నాబ్ లేదు, లైసెన్సు పుస్తకం ఒకటి, తెచ్చిన తేదీ, జరిగిన నష్టం, బాగుచేయవలసిన గడువు. ఇద్దరం సంతకాలు పెట్టాం. "ముప్ఫై నాలుగేళ్ళు నేను చేసిన పని ఇదే" అన్నారు లేస్తూ.

హాబీకీ వృత్తికీ తేడా ఎక్కడుందో ఆ రోజు నాకు అర్థమైంది. తేడా నైపుణ్యంలో లేదు. హాబీలో మాడిపోయేది నా వస్తువు. వృత్తిలో మాడిపోయేది ఇంకొకరి తండ్రి కొన్న వస్తువు. ఇకమీద చెప్పబోయే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క తేడాలోంచి పుట్టినవే.

ఆ పొగ ఎందుకు వచ్చింది?

సైన్సు విద్యార్థులు ఉన్నారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. వాల్వు రేడియోకి రెండు రకాల విద్యుత్తు కావాలి. వాల్వు లోపలి ఫిలమెంటు వేడెక్కడానికి తక్కువ వోల్టేజి, సాధారణంగా 6.3 వోల్టులు. ప్లేటుకి ఎక్కువ వోల్టేజి, ఇంచుమించు 250 వోల్టుల డి.సి. ఈ డి.సి.ని రెక్టిఫైయర్ వాల్వు తయారుచేస్తే, అందులోని అలల్ని చదును చేసేది ఫిల్టర్ కండెన్సర్. ఇది ఎలక్ట్రోలిటిక్ రకం. లోపల అల్యూమినియం రేకు మీద పల్చటి ఆక్సైడు పొర ఉంటుంది. కరెంటుని ఆపే గోడ అదే. సెట్టు వాడకంలో ఉన్నంతకాలం ఆ పొర నిలిచి ఉంటుంది. ఏళ్ళ తరబడి మూలపడితే పొర క్షీణిస్తుంది, లోపలి ద్రవం ఎండిపోతుంది. అప్పుడు ఒక్కసారిగా 250 వోల్టులు తగిలితే కండెన్సర్ షార్ట్ అవుతుంది. ఆ భారమంతా రెక్టిఫైయర్ మీదా, దాని వెనకున్న ట్రాన్స్‌ఫార్మర్ మీదా పడుతుంది. నేను చేసిన ఘనకార్యం అదే.

రెండో దొంగ కప్లింగ్ కండెన్సర్. ముందు వాల్వు నుంచి అవుట్‌పుట్ వాల్వుకి (ఇఎల్ 84 అనుకోండి) పాటని మాత్రం పంపి, డి.సి.ని ఆపడం దీని పని. పాత సెట్లలో ఇది కాగితం కండెన్సర్. కాగితం తేమ పీలుస్తుంది, మెల్లగా డి.సి. కారడం మొదలవుతుంది. అది అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కి చేరితే వాల్వు హద్దు మీరి కరెంటు లాగుతుంది, ప్లేటు ఎర్రబడుతుంది, చివరికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ తీగ తెగిపోతుంది. విచిత్రమేమంటే, అంతవరకూ రేడియో పాడుతూనే ఉంటుంది. "పాడుతోంది కదా, ఎందుకు మార్చడం?" అనే కస్టమరుకి ఈ సంగతి ఓపిగ్గా చెప్పాలి. కొన్ని రూపాయల కండెన్సర్ మారిస్తే, దొరకని ట్రాన్స్‌ఫార్మర్ బతుకుతుంది.

అంచేత నా బల్ల దగ్గర ఇప్పుడు ఒక సీరీస్ బల్బు బోర్డు శాశ్వతంగా ఉంది. కొత్తగా వచ్చిన ఏ సెట్టయినా 60 లేక 100 వాట్ల ఫిలమెంటు బల్బు గుండానే కరెంటు చూస్తుంది. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, వోల్టేజి అంతా అదే మింగేస్తుంది, సెట్టు బతికిపోతుంది. బాగుంటే బల్బు ఒకసారి వెలిగి మందగిస్తుంది. ఎల్.ఇ.డి. బల్బు దీనికి పనికిరాదు. పాత ఫిలమెంటు బల్బులు ఎక్కడ కనిపించినా నాలుగు కొని దాచుకోండి.

ప్రాణం ముందు, పాట తర్వాత

ఇంట్లో చేసే పని కాబట్టి ఈ భాగం తల్లిదండ్రులకు కూడా చదివి వినిపించండి.

పాత రేడియోల్లో ఎ.సి. సెట్లు, ఎ.సి./డి.సి. సెట్లు అని రెండు జాతులున్నాయి. ఒకప్పుడు కొన్ని ఊళ్ళలో డి.సి. సరఫరా ఉండేది కాబట్టి రెండింటి మీదా నడిచేలా రెండో రకం చేశారు. వీటిలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. వాల్వుల పేర్లు "యు" అక్షరంతో మొదలైతే (యుసిహెచ్ 81, యువై 85 వగైరా) అనుమానించండి. వీటిలో ఇనప ఛాసిస్ నేరుగా మెయిన్స్‌కి కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగబడితే ఛాసిస్ అంతటా 230 వోల్టులు. నాబ్ ఊడిపోయి ఇనప కడ్డీ బయటికి కనిపిస్తున్న సెట్టుని పిల్లవాడు ముట్టుకుంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఇలాంటివి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా తెరవకూడదు.

మిగతా నియమాలు: కరెంటు ఉన్న సెట్టులో కొలతలు తీసేటప్పుడు ఒక చెయ్యి వెనక్కి పెట్టుకోవాలి. ప్లగ్గు తీశాక కూడా ఫిల్టర్ కండెన్సర్‌లో కరెంటు నిలవుంటుంది, దాన్ని ఒక రెసిస్టర్ ద్వారా ఖాళీ చేసి, మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. కాళ్ళ కింద రబ్బరు చాప ఉండాలి. సోల్డరింగ్ కిటికీ దగ్గర చేయాలి, పాత సోల్డరులో సీసం ఉంటుంది కాబట్టి భోజనానికి ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కరెంటు ఉన్న ఛాసిస్ మీద పనిచేయకూడదు. ఈ చివరి నియమం మా ఇంటావిడ పెట్టింది, నేను మీరలేదు.

గంటకి 25 రూపాయలు

ఇక డబ్బు సంగతి. మనవాళ్ళకి పని చేయడం వచ్చినంత సులువుగా కూలి అడగడం రాదు. మొదట్లో నేను ఒక వాల్వు రేడియోకి 1,500 రూపాయలు తీసుకునేవాణ్ణి. బాగానే గిట్టుతోందనుకున్నాను. హెడ్ క్లర్కు గారి పుణ్యమా అని నోటు పుస్తకం పెట్టాక లెక్క ఇలా తేలింది.

దుమ్ము దులిపి ఛాసిస్ శుభ్రం చేయడం 2 గంటలు. కండెన్సర్లు మార్చి వోల్టేజీలు కొలవడం 4 గంటలు. తెగిన డయల్ దారం వేయడం 1 గంట. స్టేషన్లు సరైనచోట పలికేలా అలైన్‌మెంట్ 1 గంట. క్యాబినెట్ పాలిష్ 2 గంటలు. కోటీలో గుజరాతీ గల్లీకి విడిభాగాల కోసం తిరుగుడూ, ఫోన్లూ కలిపి 2 గంటలు. మొత్తం 12 గంటలు. సామానుకి 1,200 రూపాయలు. అంటే నాకు మిగిలింది 300, గంటకి పాతిక రూపాయలు!

ఇప్పుడు అలాంటి పనికి 4,800 తీసుకుంటున్నాను. సామాను పోను 3,600, గంటకి 300. ధర విని కొందరు వెనక్కి వెళ్తారు. వెళ్ళనివ్వండి. అలాంటి పెద్ద పనులు నెలకి ఏడెనిమిదికి మించి నా వల్ల కావు. మధ్యలో సామాను కోసం ఆగడాలు, వర్షాకాలంలో పాలిష్ ఆరకపోవడాలు ఉంటాయి. మొదటి ఏడాది పని లేని నెలలు కూడా ఉన్నాయి. పొదుపు చేసుకున్న సొమ్ము లేకపోతే నేను నిలదొక్కుకునేవాణ్ణి కాదు. అంచేత విద్యార్థి మిత్రులారా, ఉద్యోగం మానేసి దీన్లోకి దూకండని నేను చెప్పను. ఉద్యోగమో చదువో ఉండగా, ఆదివారాల్లో రెండేళ్ళు చేసి చూడండి. లెక్క రాయండి. గంటకి ఎంత వస్తోందో మీ పుస్తకమే చెబుతుంది.

నేను పాటించే పద్ధతి ఇదీ. సెట్టు తీసుకునేటప్పుడు ఫొటోలు, రెండు ప్రతుల రసీదు. తెరిచి చూసినందుకు 300 రూపాయలు. పని ఒప్పుకుంటే అది మొత్తంలో కలుస్తుంది. తెరిచాక అంచనా రాసి పంపి, సరేనన్న తర్వాతే పని. నేను మార్చిన భాగాలకు మూడు నెలల హామీ, మార్చని వాటికి లేదు. తీసిన పాత భాగాలు కవరులో పెట్టి తిరిగి ఇవ్వడం. పూర్తయ్యాక సెట్టుని రెండు రోజులు, రోజుకి నాలుగేసి గంటలు నా దగ్గరే పాడించి చూడడం. తీసుకెళ్ళడానికి గడువు 90 రోజులు. ఈ చివరిది లేకపోతే మీ ఇల్లు గోదాముగా మారుతుంది.

ప్రభుత్వ కాగితాల విషయం పెద్ద భయపడవలసింది కాదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్ సాయంతో ఉచితంగా జరుగుతుంది, దళారీలకు డబ్బు ఇవ్వకండి. మరమ్మతు అనేది సేవ. ఏడాది మొత్తం రాబడి 20 లక్షలు దాటేదాకా మామూలుగా జి.ఎస్.టి. నమోదు అక్కర్లేదు. వృత్తికి విడిగా ఒక బ్యాంకు ఖాతా మాత్రం మొదటి రోజునే తెరవండి.

రేడియోలే కాదు

ఒక్క రేడియోల మీదే ఆధారపడకండి. ఈమధ్య నా దగ్గరికి క్యాసెట్ ప్లేయర్లు, రికార్డ్ ప్లేయర్లు ఎక్కువగా వస్తున్నాయి. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన కాంపాక్ట్ క్యాసెట్ సెకనుకి 4.76 సెంటీమీటర్ల వేగంతో కదలాలి. లోపలి రబ్బరు బెల్టు సాగితే పాట సాగుతుంది. కొన్ని బెల్టులు ఏళ్ళు గడిచేసరికి నల్లటి జిగురుగా కరిగిపోయి ఉంటాయి. ఆల్కహాల్‌తో తుడిచి, కొత్త బెల్టు వేసి, హెడ్ శుభ్రం చేస్తే సగం సెట్లు లేచి కూచుంటాయి. రికార్డుల్లో 78 వేగం లక్క రికార్డుకీ, ఎల్.పి.కీ గాడి వెడల్పు వేరు. ఎల్.పి. సూది మొన ఇంచుమించు 18 మైక్రాన్లు, 78కి 75 మైక్రాన్ల దాకా కావాలి. ఒకే సూదితో రెండూ వేసి, రికార్డు అరిగిపోయిందని బాధపడే వాళ్ళు చాలామంది ఉన్నారు.

క్యాసెట్లలోని మాటల్ని కంప్యూటర్లోకి ఎక్కించి ఇవ్వడం ఇంకో పని. ఒక గంట క్యాసెట్‌కి ఒక గంట పడుతుంది, దగ్గరిదారి లేదు. అమ్మమ్మ పాడిన మంగళహారతి, పెళ్ళిలో రికార్డు చేసిన సందడి, ఇలాంటి సొంత రికార్డింగులే తీసుకుంటాను. సినిమా పాటల క్యాసెట్లకి కాపీలు తీసి అమ్మడం నేరం, ఆ జోలికి పోకండి.

కాదనడం నేర్చుకోవాలి

తరచుగా వచ్చే కోరిక ఒకటుంది. "లోపలి చెత్త అంతా తీసి పారేసి బ్లూటూత్ పెట్టండి." ఇది విన్నప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటుంది. అయినా కస్టమర్ని తప్పుపట్టను. మీడియం వేవ్, షార్ట్ వేవ్ ప్రసారాలు దేశంలో బాగా తగ్గాయి. వినేందుకు ఏదో ఒకటి కావాలి కదా. దీనికి మధ్యేమార్గం ఉంది. చాలా పాత రేడియోల వెనక గ్రామఫోన్ తగిలించుకునేందుకు "పికప్" అని రెండు రంధ్రాలుంటాయి. ఎ.సి. సెట్టయితే, చిన్న బ్లూటూత్ పెట్టెని కుడి ఎడమ ఛానెళ్ళు రెసిస్టర్లతో కలిపి అక్కడ తగిలిస్తే చాలు. ఫోన్లోని పాట అవే వాల్వుల గుండా, అదే స్పీకరులోంచి వస్తుంది. ఒక్క తీగ కూడా కొయ్యనక్కర్లేదు. ఎ.సి./డి.సి. సెట్టుకి మాత్రం ఇలా చేయకూడదు, కారణం పైన చెప్పాను. అయినా చెత్త తీసెయ్యమనే పట్టుబడితే, నమస్కారం పెట్టి సెట్టు తిరిగి ఇచ్చేస్తాను.

ఎలుకలు కాయిల్స్ కొరికేసిన సెట్లు, ఎవరో ముందే సగం భాగాలు పీకేసినవి, "రేపు గృహప్రవేశం, ఇవాళే కావాలి" అనేవి, వీటిని కూడా కాదంటాను. మొహమాటం వల్ల నష్టపోయినంత నేను అజ్ఞానం వల్ల కూడా నష్టపోలేదు.

ఇంకొక చిక్కు. మీ బల్ల మీద గంటలా మోగిన సెట్టు కస్టమర్ ఇంట్లో గరగరమంటుంది. తప్పు రేడియోది కాదు. ఎల్.ఇ.డి. దీపాలు, ఫోన్ ఛార్జర్లు, ఇన్వర్టర్లు మీడియం వేవ్ మీద రొద వెదజల్లుతాయి. ఒక బ్యాటరీ ట్రాన్సిస్టర్ వెంట తీసుకెళ్ళి, ఇంటి మెయిన్ స్విచ్ ఆపి వినిపించండి. వాదన అక్కడితో ఆగిపోతుంది.

చివరిగా

హెడ్ క్లర్కు గారి రేడియో 26 రోజులకి తయారైంది. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించడానికే మూడు వారాలు పట్టింది. అప్పగించడానికి నేనే ఇంటికి తీసుకెళ్ళాను. సాయంకాలం వార్తలు పెట్టుకుని, కాసేపు కళ్ళు మూసుకుని విన్నారు. డబ్బు వద్దన్నాను. "అదెలా కుదురుతుంది? ఒప్పుకున్న కూలి ఇది, తీసుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు మీ తప్పు, అది మీది" అని పైసాతో సహా లెక్కపెట్టి ఇచ్చి, పాత కాగితం మీద "సెట్టు ముట్టినది" అని రాసి సంతకం చేశారు. ఆ కాగితం ఇప్పుడు నా బల్ల మీద గోడకి వేలాడుతోంది. నా రసీదు పుస్తకం దాని నకలే.

ఈ పనిలోకి రాదలచిన మిత్రులకు ఒక మనవి. మొదట సంతలో ఒక చిన్న ట్రాన్సిస్టర్ కొనండి, బ్యాటరీతో నడిచేది. దాన్ని పాడించండి. తర్వాత ఇంకో నాలుగు. వాల్వు సెట్టు జోలికి ఆ తర్వాతే, తెలిసినవారి పక్కన కూచుని వెళ్ళండి. మన ఫిజిక్స్ ల్యాబులో మీటరు పట్టుకోవడం నేర్పేవారున్నారు, సిగ్గుపడకుండా అడగండి. నన్ను అడగదలిస్తే ఆదివారం పొద్దుటి పూట ఇంట్లోనే ఉంటాను, చిరునామా విద్యార్థి సంఘం కార్యాలయంలో ఇచ్చి ఉంచాను. తాతగారి రేడియో ఏదైనా అటక మీద ఉంటే వెంట తెండి. దారిలో ఎవరు ఎంత తొందరపెట్టినా, దాన్ని ప్లగ్గులో మాత్రం పెట్టకండి.